సొవెటో పిల్లలు వద్దన్నది ఏ భాషను?



జూన్ 16, 1976. దక్షిణాఫ్రికాలోని సొవెటోలో వేలాది మంది నల్లజాతి బడిపిల్లలు యూనిఫాంలలోనే వీధుల్లోకి వచ్చారు. పోలీసులు కాల్చారు. హెక్టర్ పీటర్సన్‌కు అప్పటికి పన్నెండేళ్లు. అతని ఒంటిని ఎత్తుకుని ఒక కుర్రాడు పరుగెడుతుంటే, పక్కనే అక్క ఏడుస్తున్న ఫోటో మీరంతా చూసే ఉంటారు. తీసింది శామ్ న్జీమా.

నేను ఆ ఫోటోకు ముందు కథ చెప్తాను. 1953లో బంటూ విద్యా చట్టం తెచ్చిన వెర్‌వుర్డ్, కొన్ని రకాల కూలిపనికి మించి తెల్ల సమాజంలో ఆఫ్రికన్‌కు చోటు లేదని బాహాటంగానే చెప్పాడు. అందుకు అతని ప్రభుత్వం వాడుకున్న భాష ఏది? మాతృభాష! ప్రైమరీ ఎనిమిదేళ్లూ జూలూలోనో, సోతోలోనో చదవాలి. వినడానికి ఎంత ముచ్చటగా ఉందో చూడండి. తల్లిదండ్రులకు మాత్రం అందులో మూసిన తలుపు కనబడింది.

1974లో ఇంకో ఉత్తర్వు: సెకండరీలో సగం సబ్జెక్టులు ఆఫ్రికాన్స్‌లో చెప్పాలి. లెక్కలు, సోషల్ అందులోనే. చాలామంది టీచర్లకే ఆ భాష సరిగా రాదు. 1976 మేలో ఓర్లాండో వెస్ట్‌లో పిల్లలు క్లాసులు బహిష్కరించారు, జూన్‌లో ఊరేగింపు తీశారు. జూలైలో ప్రభుత్వం ఉత్తర్వు వెనక్కి తీసుకుంది. కానీ అల్లర్లు ఆగలేదు. 1977 ఫిబ్రవరి నాటికి 575 మంది చనిపోయారన్నది సర్కారు కమిషన్ లెక్క.

ఆ పిల్లలు జూలూ మీడియం కావాలనలేదు, ఇంగ్లిష్ చాలన్నారు. అదీ వలస పాలకుల భాషే, వాళ్లకు తెలియకా? కానీ దానితో వాళ్లు సొవెటో దాటి మాట్లాడగలరు.

మన దగ్గరికి రండి. 2019లో ఆంధ్రప్రదేశ్ సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం ఉత్తర్వులిస్తే, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. తెలుగు చచ్చిపోతుందని పెద్దలు వగచారు. ఆ పెద్దల మనవలు ఏ మీడియంలో చదువుతున్నారో నేను అడగను, మీకు తెలుసు. తర్వాత ప్రభుత్వమే తల్లిదండ్రులను అడిగితే, నూటికి తొంభై మందికి పైగా ఇంగ్లిష్ మీడియమే కోరారు.

అయితే మనవైపు చిక్కు కూడా ఒప్పుకుందాం. ఇంగ్లిష్ రాని టీచరు ముందు కూర్చున్న మాదిగ పిల్లకు ఆ పాఠం సొవెటోలో ఆఫ్రికాన్స్ పాఠం లాగే ఉంటుంది. పిల్ల బట్టీ పడుతుంది, నోరు తెరవదు. కాబట్టి ఉత్తర్వుకు చప్పట్లు కొట్టే ముందు మన మండలంలో ఎన్ని బడుల్లో ఇంగ్లిష్‌లో లెక్కలు చెప్పగల టీచరున్నారో వెళ్లి చూద్దాం. ఈ వేసవి సెలవుల్లో ఆ పని మొదలుపెడదామని మీ ముందు పెడుతున్నాను.