విద్యుత్తు దారి తప్పినపుడు

వాన వెలసిన పిదప ఇనుప దండెముపై బట్టలు ఆరవేయబోయి విద్యుద్ఘాతమునకు లోనైన వారినిగూర్చి మనము తరచు వినుచునే యున్నాము. “ఇంటిలో ఫ్యూజు ఉన్నదిగదా, అది ఏల కాలిపోలేదు?” అని ఇరుగుపొరుగువారు ఆశ్చర్యపడుదురు.

ఫ్యూజు తీగను కాపాడును, మనిషిని కాపాడదు. 5 ఆంపియర్ల ఫ్యూజు అంతకు మించిన కరెంటు పోయినగాని కరుగదు. మనిషి గుండె లయ తప్పుటకో, 50 మిల్లీ ఆంపియర్లు, అనగా ఆ ఫ్యూజు మోయుదానిలో నూరవవంతు, ఒకటి రెండు సెకనులు ప్రవహించినను చాలవచ్చును.

ఈ కొరతను తీర్చునది ఎర్త్ లీకేజి బ్రేకరు. అందులో ఫేజు, న్యూట్రలు తీగలు రెండును ఒకే వలయము నడుమనుండి సాగును. వెళ్లిన కరెంటంతయు తిరిగి వచ్చినంతకాలము వాని ప్రభావములు పరస్పరము రద్దగును. కొంత భూమిలోనికి జారినచో జమాఖర్చు కుదరదు. వెంటనే మీట విడిపోవును. ప్రాణరక్షణకు 30 మిల్లీ ఆంపియర్ల రకము తగినది. అంత లీకేజి కలిగినపుడు అది 0.3 సెకనులోపల సరఫరాను తెంపవలెనని ప్రమాణము.

అయితే వానకాలమున ఇది మాటిమాటికి పడిపోవుచున్నదని విసిగి, దానిని తప్పించి తీగలు నేరుగా కలుపుకొనువారు కలరు. కుక్క మొరిగినదని దానిని తరిమి, దొంగను ఇంటనుంచుకొనుట వంటిదే ఇది. అట్టి సమయమున ప్లగ్గులన్నియు ఊడదీసి, బ్రేకరును ఎత్తి, ఒక్కొక్క పరికరమునే తిరిగి తగిలింపవలెను. దేనితో పడిపోయినదో దానియందే దోషమున్నదని అనుమానింపవచ్చును. అన్నియు తీసినను నిలువనిచో వైరింగులోనో, బ్రేకరులోనో లోపమున్నదని యెంచి పనివానిని పిలువవలెను.

బ్రేకరుపైనున్న ‘టెస్ట్’ మీటను నెలకొకమారు నొక్కిచూడుడు. పడిపోనిచో దానిని మార్పింపవలసినదే. కాని ఆ మీట ఎర్తు గుంతను పరీక్షింపదు. దానిని వేరుగా కొలిపించి, వేసవిలో నీరు పోయుచుండవలెను.

ఒక హెచ్చరిక. ఫేజును, న్యూట్రలును ఒకేమారు తాకిన మనిషిని ఈ సాధనము గుర్తింపలేదు. అతని గుండ పోయిన కరెంటు లెక్క తప్పక తిరిగి వచ్చును గనుక. కావున బ్రేకరు ఉన్నదను ధైర్యముతో జాగ్రత్తను విడనాడరాదు.

రేపు ఉదయమే ఆ చిన్న మీటను ఒకమారు నొక్కి చూతుము గాక.