బస్సు చార్జీ ఎవరిస్తారు?

(సంస్థ వార్షిక సభలో ఒక ఉపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



నన్ను క్యాన్సర్‌ను జయించిన మహిళగా పరిచయం చేశారు. కార్యదర్శి గారి అభిమానానికి షుక్రియా. కానీ నేను జయించలేదు. నాది రొమ్ము క్యాన్సర్ నాలుగో దశ. రొమ్ములో మొదలైన జబ్బు వెన్నెముకకూ తుంటి ఎముకకూ పాకింది. ఎముకల్లో ఉన్నా అది రొమ్ము క్యాన్సరే, మందులూ దానికి తగ్గవే ఇస్తారు. ఈ దశలో పూర్తిగా నయం చేయడం డాక్టర్ల చేతిలో లేదు, అదుపులో పెట్టడం ఉంది. ఒక మందు పనిచేసినన్నాళ్లు అది వాడతారు, పని చేయడం మానేస్తే ఇంకొకటి మారుస్తారు. అలా ఏళ్ల తరబడి ఇంటిపనీ ఉద్యోగమూ చేసుకుంటున్న ఆడవాళ్లు ఉన్నారు, అల్హందులిల్లాహ్.

ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, మన సంస్థలు ఇచ్చే సహాయమంతా ఆపరేషన్ అయిపోతుంది, మనిషి ఇంటికి వస్తుంది అనే లెక్క మీద నడుస్తోంది. ఒకసారి చెక్కు, ఒకసారి ఫోటో. నాలుగో దశ మనిషికి ఆ లెక్క కుదరదు. ఆమె ఖర్చు ప్రతి నెలా వస్తుంది.

2022లో మన దేశంలో సుమారు 1,92,000 మంది ఆడవాళ్లకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడిందని అంతర్జాతీయ సంస్థల అంచనా. అదే ఏడు దాదాపు 98,000 మంది చనిపోయారు. గడ్డ కనబడినా మగ డాక్టరుకు చూపించడానికి బిడియపడి, ఇంట్లో చెప్పడానికి భయపడి ఆలస్యం చేసేవాళ్లు మనలో ఎందరో మీకూ తెలుసు.

జబ్బు అందరికీ ఒకటే కాదు. గడ్డ ముక్క తీసి పరీక్షించాక అది హార్మోన్ రకమా, హెర్‌2 రకమా, ఈ రెండూ కాని ట్రిపుల్ నెగెటివ్ రకమా అని చెబుతారు. నాది హార్మోన్ రకం. రోజుకొక లెట్రోజోల్ మాత్ర, దానితోపాటు పాల్బోసైక్లిబ్ 21 రోజులు వేసుకుని 7 రోజులు ఆపడం, ఎముకల బలానికి ఇంజెక్షన్, మధ్యలో రక్తపరీక్షలు. ఈ పాల్బోసైక్లిబ్ ఒకప్పుడు మామూలు ఇళ్లకు అందని మందు. 2023 జనవరిలో పేటెంట్ ముగిశాక మన దేశపు కంపెనీలే తయారు చేస్తున్నాయి, ధర బాగా దిగింది. హెర్‌2 రకానికి మూడు వారాలకోసారి ఎక్కించే ట్రాస్టుజుమాబ్‌ను కూడా 2014 నుంచి మన కంపెనీలు తక్కువ ధరకు ఇస్తున్నాయి. కాబట్టి దరఖాస్తు వచ్చినప్పుడు ఏ రకం, ఎన్నాళ్లకోసారి మందు అని అడగండి. ఎంత కావాలో అప్పుడు తెలుస్తుంది.

ఆరోగ్యశ్రీ 2007లో వచ్చాక ఆపరేషన్, కీమో చాలామందికి అందాయి. అది చిన్న మేలు కాదు. నాకు ఉద్యోగుల హెల్త్ కార్డు ఉంది, జీతం ఉంది, సెలవు పెట్టుకునే వీలుంది. ఆదివారాలు నేను ఫోన్‌లో మాట్లాడే ఆడవాళ్లకు ఆ మూడింటిలో ఏదీ లేదు. బీడీలు చుట్టేవాళ్లు, మిషన్ కుట్టేవాళ్లు, ఇళ్లలో పనిచేసేవాళ్లు. వాళ్లు మందుకు డబ్బు లేదని ఫోన్ చేయరు. కడప నుంచి హైదరాబాద్‌కు రాత్రి బస్సు, తోడుగా మరొకరికి టికెట్, అక్కడ ఉండడానికి గది, ఆ రెండు రోజులు పోయిన కూలి, ఇంట్లో పిల్లలకు వండి పెట్టే మనిషి. వీటికి ఏ కార్డూ పనిచేయదు. మందు ఉచితంగా ఉన్నా ఆసుపత్రికి వెళ్లకుండా ఆగిపోయేది ఇక్కడే. ఒకామె నాతో అంది: "టీచరమ్మా, జబ్బు కంటే బస్సు ఎక్కువ తింటాంది."

జకాత్ తీసుకోదగిన ఎనిమిది తరగతుల్లో పేదలతోపాటు అప్పుల్లో కూరుకుపోయినవాళ్లు, ప్రయాణంలో చిక్కుబడినవాళ్లు కూడా ఉన్నారు. వైద్యం కోసం పుస్తెలు, గాజులు తాకట్టు పెట్టిన కుటుంబాలు అందులోకి వస్తాయా రావా అని చెప్పే అర్హత నాకు లేదు. ముఫ్తీ సాహెబ్‌లను అడిగి నిర్ణయించండి. అడగడమైతే అడగండి.

ఇక పిల్లల సంగతి. నా కూతురు ఇంటర్ రెండో సంవత్సరం. రిపోర్టు వచ్చిన రోజు రాత్రి, "అమ్మీ, తగ్గిపోతుందా?" అని అడిగింది. తగ్గదు బేటా, ఆగుతుంది, ఎంతకాలం ఆగుతుందో చూద్దాం అన్నాను. ముప్ఫై ఏళ్లు క్లాసులో నిలబడిన దాన్ని, పిల్లలు మన ముఖం చదివేస్తారని నాకు తెలుసు. ఆ రాత్రి ఏడ్చింది. తెల్లారి నా మాత్రల డబ్బా మీద వారాల పేర్లు రాసి అంటించింది. అబ్బాయి ఏమీ అడగలేదు. స్కాన్‌కు వెళ్లేటప్పుడల్లా సంచి తనే మోస్తాడు.

బంధువులు మాత్రం, బయట చెప్పొద్దు, అమ్మాయికి సంబంధాలు రావు అన్నారు. ఈ సభలోనూ కొడుకుల పెళ్లిళ్లు చేయబోయే పెద్దలు ఉన్నారు, అందుకే ఇక్కడ చెబుతున్నాను. రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి ఐదు నుంచి పది మాత్రమే. ఇది అంటుకునే జబ్బు కాదు, ఒకే పళ్లెంలో తిన్నా రాదు. ఆడపిల్ల పెళ్లి పేరు చెప్పి తల్లి జబ్బును దాచిపెడితే ఆ తల్లి డాక్టరు దగ్గరికి వెళ్లేదెప్పుడు?

రంజాన్‌లో రోజా పోతుందని కీమో తేదీని వాయిదా వేసుకున్నవాళ్లను చూశాను. రోగికి షరియత్ ఇచ్చిన వెసులుబాటు వాళ్లకు తెలియక కాదు, ఇంట్లోవాళ్లు ఏమనుకుంటారో అని. రంజాన్‌కు ముందు జుమా ఖుత్బాలో ఇమామ్ సాహెబ్ రెండు నిమిషాలు రోగుల గురించి, ఫిద్యా గురించి చెబితే చాలు. నేనూ కలోంజీ తింటాను, జమ్‌జమ్ తాగుతాను, మీ అందరి దువా కోరుకుంటాను. మాత్ర మాత్రం మానను.

నొప్పి గురించి ఒక్క మాట. చివరి రోజుల్లో నొప్పిని భరించడమే సబర్ అని కొందరు అనుకుంటారు. మార్ఫిన్ మాత్రలున్నాయి. వాటిని తెప్పించుకోవడం ఆసుపత్రులకు సులువయ్యేలా 2014లో చట్టం కూడా మార్చారు. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో నొప్పి నివారణకు ప్రత్యేక విభాగమే ఉంది. అక్కడికి ఎలా వెళ్లాలో తెలియక ఇంట్లోనే మూలుగుతున్నవాళ్లకు దారి చూపడం కూడా సహాయమే.

నేను కోరేది పెద్ద మొత్తం కాదు. ఈ ఏడు పదిమంది నాలుగో దశ ఆడవాళ్లను ఎంచుకుని, వాళ్లకు నెలనెలా ప్రయాణ ఖర్చు నేరుగా బ్యాంకు ఖాతాలో వేయండి. ప్రతిసారీ ఫైలు పట్టుకుని ఆఫీసుకు రమ్మనకండి, వెన్నెముకలో జబ్బున్న మనిషికి మన మేడమెట్లు ఎక్కడం కష్టం. చెక్కు పట్టుకున్న ఫోటో కూడా వద్దు. ఆ ఫోటో సావనీర్‌లో వేస్తారు, సావనీర్ అన్ని ఇళ్లకూ వెళుతుంది, ఆమె ఇంట్లో కూడా ఒక ఆడపిల్ల ఉంటుంది.

దరఖాస్తు నమూనా ఒక పేజీలో రాసి కార్యదర్శి గారికి ఇచ్చాను. ఈ వారం నాకు మాత్రల విరామం, ఒంట్లో కాస్త ఓపిక ఉంది. సోమవారం నుంచి మళ్లీ మొదలు. కమిటీవాళ్లు ఆదివారం లోపు కూర్చుంటే నేనూ వచ్చి పేర్లు, వివరాలు ఇస్తాను.