గర్భిణి బరువు, గర్భిణి మనస్సు

(సమాజపు మహిళా సభలో చేసిన ప్రసంగపాఠము)



ఇట్టి సభలలో పద్యమును గూర్చియో పాటను గూర్చియో మాటలాడుట పరిపాటి. నేను గర్భిణి శరీరపు బరువును గూర్చియు, దానితో ముడివడిన ఆమె మనస్సును గూర్చియు కొంత మనవి చేయదలచితిని. ఇది ఆడవారి సంగతి యని మగవారు లేచిపోవలదు. చెప్పవలసినదానిలో సగము వారి కొరకే.

మొదటినుండి లావుగా నున్న యిల్లాలు నెల తప్పినదనుకొనుడు. ఇంటిలో పెద్దలు "ఒట్టి మనిషివి కావు, ఇద్దరికి సరిపడ తినవలె" నని మరి రెండు గరిటెలు వడ్డింతురు. ఆసుపత్రిలో కాటా ఎక్కినతోడనే "ఇంత లావైతే ఎట్లమ్మా?" యని నలుగురు వినునట్లు అందురు. సీమంతమునాడు గాజులు తొడుగుచు ఒక ముత్తైదువ "కవలలా యేమి?" యని నవ్వును. ఈ మాటలలో ఏదియు దురుద్దేశముతో అన్నది కాదు. కాని వాని బరువునకు వెరచి ఆమె మరుసటి నెల పరీక్షకు పోవుట మానివేసినచో, ఆమెవంటివారికి ఎక్కువగా వచ్చు రక్తపుపోటును, గర్భకాలపు మధుమేహమును కనిపెట్టువా రుండరు. ప్రమాదమంతయు అచ్చటనే యున్నది.

తిండి లెక్క చూతము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారి లెక్క ప్రకారము సాధారణ దేహపుష్టిగల గర్భిణికి దినమునకు అదనముగా కావలసినది 350 కిలోకేలరీలు. అనగా సుమారు మూడు ఇడ్లీలు, ఒక గ్లాసు పాలు. ఇద్దరి భోజనము కానే కాదు. బరువు విషయమున 2009లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ వారు చేసిన నిర్ణయము ప్రచారములో నున్నది. సాధారణ దేహముగల స్త్రీ గర్భకాలమున మొత్తము పదకొండున్నర మొదలు 16 కిలోలవరకు పెరుగవచ్చును. స్థూలకాయముగల స్త్రీకి 5 మొదలు 9 కిలోలు చాలును. కిలోలలోని బరువును మీటర్లలోని ఎత్తుతో రెండు మారులు భాగింపగా 30గాని అంతకు మించిగాని వచ్చినచో వారు స్థూలకాయమందురు. 155 సెంటీమీటర్ల ఎత్తు, 75 కిలోల బరువుగల స్త్రీకి 31 వచ్చును. మన దేశపు వైద్యులు 25నుండియే స్థూలకాయముగా నెంచుచున్నారు. కావున ఎవరి లెక్క వారి డాక్టరు చెప్పవలసినదే. పస్తులుండి బరువు తగ్గించుకొనుటకు మాత్రము ఇది సమయము కాదు. డాక్టరు వలదనకున్నచో జుబిలీ పార్కులో ఉదయము ఒక అరగంట నడచుట మేలు.

ఇక మనస్సు. 2014లో వెలువడిన ఒక పరిశీలన 62 అధ్యయనములను, ఐదు లక్షలకు పైబడిన స్త్రీల వివరములను కూర్చి చూచినది. గర్భకాలమున క్రుంగుబాటు లక్షణములు సాధారణ దేహముగల వారిలో నూటికి సుమారు 23 మందికిని, స్థూలకాయముగల వారిలో 33 మందికిని కనబడినవి. లావే దిగులునకు కారణమని దీని యర్థము కాదు. దిగులు తిండిని పెంచవచ్చును, నిద్రను చెరుపవచ్చును. నలుగురి హేళన దిగులును పెంచవచ్చును. థైరాయిడ్ లోపమున్నచో బరువు, నీరసము, దిగులు మూడును కలసియే రావచ్చును గనుక ఆ పరీక్షయు అవసరము.

ఈ ఊరికి తల్లుల సంరక్షణ క్రొత్త కాదు. దేశమునకు 1961లో ప్రసూతి ప్రయోజనముల చట్టము రాకమునుపే, 1928లో టాటా ఉక్కు కర్మాగారమున ప్రసూతి సాయము ఏర్పడినది. ఆ పట్టణమున మన ఆడపడుచు ఎట్లున్నదో చూడుడు. శ్రీకాకుళమునుండియో విజయనగరమునుండియో వచ్చినది. తల్లి దూరము. భర్త ఆఫీసునకు పోగా క్వార్టరులో ఒంటరి. ప్రక్కింటివారు మంచివారే, కాని కూరగాయలు కొనుటకు చాలిన హిందీ కడుపులోని దిగులు చెప్పుకొనుటకు చాలదు. ఏడవ నెలలో పుట్టింటికి పోవునప్పుడు ఇచ్చటి పరీక్షల కాగితములు బీరువాలో మరచిపోవుదురు. అక్కడి డాక్టరు మరల మొదటినుండి లెక్క ప్రారంభించును. ఆ కాగితములను చీరలకంటె ముందు పెట్టెలో సర్దవలెను.

దిగులని చెప్పుటకు మరియొక అడ్డంకి కలదు. ఉత్తరాంధ్రలో చినవాల్తేరు పేరెట్లో, ఈ ప్రాంతమున రాంచీ పేరట్లు వెక్కిరింతకు వాడుక అయినది. 1918లో ఆరంభమైన అక్కడి మానసిక వైద్యశాల నేడు కేంద్ర సంస్థ; ఎందరికో వైద్యము నేర్పినది. ఆ పేరును హాస్యమునకు వాడుటవలన ఇంటిలోని కోడలి నోరు మూతపడుచున్నది. నిజమునకు ఇట్టి దిగులునకు చాలమందికి ఆసుపత్రిలో చేరు పని యుండదు. మాటలతో, అవసరమైన మందులతో నయమగును. చేరవలసి వచ్చినను, మూడేండ్లలోపు బిడ్డను సాధారణముగా తల్లినుండి వేరుచేయరాదని 2017 నాటి చట్టము చెప్పుచున్నది.

పురుడైన తరువాత దిగులు తనంతట పోవునని తలపరాదు. మన దేశపు అధ్యయనములను కూర్చి 2017లో వెలువరించిన లెక్కలో బాలింతలలో నూటికి 22 మందికి క్రుంగుబాటు కనబడినది. 1987లో ఎడింబరోలో రూపొందిన ప్రశ్నావళి యొకటి కలదు. పది ప్రశ్నలు, గడచిన ఏడు దినముల సంగతులు, ఐదు నిమిషముల పని. ప్రతి మారును కాటా ఎక్కించు ఆసుపత్రులలో ఈ ఐదు నిమిషములు ఏల దొరకవో నాకు బోధపడదు. దొరకనిచోట భర్తయే "వారమునుండి ఎట్లున్నావు? నిద్ర పట్టుచున్నదా?" యని యడుగవచ్చును. కేంద్ర ప్రభుత్వోద్యోగినులకు 2008 సెప్టెంబరునుండి ప్రసూతి సెలవు 180 దినములైనది. పురుషోద్యోగులకు 15 దినముల పితృత్వపు సెలవు కలదు. దానిని ఇంటి సున్నములకును ఊరి పొలముల తగవులకును వినియోగించు మహానుభావులను నేనెరుగుదును! భార్యతో ఆసుపత్రికి పోయి, కాటా యొద్ద ఆమె ప్రక్కన నిలువుడు.

ఆ ప్రశ్నావళిలోని చివరి ప్రశ్న ప్రాణమునకు హాని తలపెట్టు ఆలోచనను గూర్చినది. అట్టి మాట ఆమె నోట వచ్చినచో "ఛీ, అవేమి మాటలు" అని కొట్టివేయక, ఆమెను ఒంటరిగా విడువక, ఆనాడే డాక్టరు నొద్దకు తీసికొనిపోవలెను. 2022 అక్టోబరులో ఆరంభమైన టెలి మానస్ వారి 14416 సంఖ్యకు ఏ వేళనైనను ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులోను మాటలాడవచ్చును. ఆ సంఖ్యను బల్లమీద వ్రాసియుంచితిని. వ్రాసికొనువారు వ్రాసికొనుడు, అడుగవలసినవా రడుగుడు.