మందుతోబాటు మాట

మందును చేతికిచ్చుటతో ఫార్మసిస్టు పని ముగియదు. దానిని ఎట్లు వాడవలెనో రోగికి బోధపరచుటయు అతని విధియే. 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలు ఈ సంగతిని స్పష్టముగా చెప్పినవి. రిజిస్ట్రేషను కొనసాగుటకు అయిదేండ్లలో కనీసము 2 పునశ్చరణ తరగతులకు హాజరు కావలెననియు విధించినవి.

ఆదోని, ఎమ్మిగనూరు అంగళ్లలో ప్రొద్దుట నుండి రాత్రి వరకు నిలువవలసినవారు దూరనగరములకు పోయి చదువుట కష్టము. అందుచే ఇంటర్నెట్టు ద్వారా లభించు శిక్షణను మేము స్వాగతింతుము. మందుల గుణములు, ఒకదానితో నొకటి పొసగని మందులు అట్లు నేర్వవచ్చును.

అయితే ఈ సీమలో రోగి తెలుగుననే కాదు, కన్నడముననో ఉర్దూలోనో అడుగును. మిరపకోతకు గుంటూరు వైపు వలసపోవు కూలి, నెలల తరబడి వాడవలసిన క్షయమందులను నడుమ మానినచో వ్యాధి మొండిదగును. ఇన్సులిను వాడు నేతగాని యింట ఫ్రిజ్ లేకపోవచ్చును; వాడుకలోనున్న సీసాను తడి తగులకుండ చుట్టి, నీడన చల్లని మట్టికుండలో ఉంచుకొమ్మని చెప్పువారు కావలెను.

తెరపై సరియైన జవాబును గుర్తించినంతనే ఈ నేర్పు అబ్బదు. “అర్థమైనదా?” అనిన ఎల్లరును తలయూపుదురు. “ఇంటికి పోయి ఈ మాత్రలు ఎట్ల వేసుకుంటావో చెప్పవ్వా” అని అడిగి వినవలెను. అనుభవజ్ఞుల యెదుట ఇట్టి సంభాషణలను అభ్యసింపజేయని శిక్షణ సగము శిక్షణయే.

శ్రోతలారా, మీరును సంకోచింపక అడుగుడు. మందు వెల తెలిసికొన్నంత శ్రద్ధతో దాని వాడుకను తెలిసికొనుడు.