మీటర్ ఎర్రబడితే పాట పోయినట్టే

 

సంఘం పిల్లలు నన్ను మాట్లాడమని పిలిచినప్పుడు చదువు గురించో స్కాలర్‌షిప్ గురించో చెప్తాననుకొని ఉంటారు. వార్డెన్ మైకు పట్టుకుంటే అంతే కదా! ఈ రోజు డీజే గురించి మాట్లాడతాను. వెనుక వరసలో నవ్వుతున్న తమ్ముళ్లు కూడా కాస్త వినండి, ఇది మీకే ఎక్కువ పనికొస్తుంది.

నేను బీఈడీ చేసినదాన్ని, సౌండ్ ఇంజినీర్‌ని కాదు. నాకు తెలిసిందంతా ఒక తప్పు చేశాక, కరీంనగర్‌లో పెళ్లిళ్లకు డీజే పెట్టే మా బంధువులబ్బాయి దగ్గర రెండు రోజులు కూర్చొని నేర్చుకున్నాను. ముందు ఆ తప్పు చెప్తాను.

ఒక ఏడాది ఆగస్టు 9న, ఆదివాసీ దినోత్సవానికి మా హాస్టల్ ఆడపిల్లలు లాప్‌టాప్‌లో పావుగంట మిక్స్ తయారుచేశారు. ఇంటర్ చదివే ఒక అమ్మాయి వేసవి సెలవుల్లో వాళ్ల కాకో, అంటే అమ్మమ్మ, పాడిన గోండి పాటను ఫోన్‌లో రికార్డు చేసుకొచ్చింది. మిక్స్ ఆ గొంతుతోనే మొదలవుతుంది. తర్వాత గుమేల, పెప్రె, ఆ వెనుక డీజే బీటు కలుస్తాయి. డైనింగ్ హాలులో బాక్సు పెట్టి వాయిస్తూ, అదే సమయంలో లాప్‌టాప్‌లో రికార్డు కూడా చేస్తున్నారు. వెనుక కూర్చున్నవాళ్లు "మేడం, ఇనబడ్తలేదు" అని అరిచారు. నేను "పెంచవే" అన్నాను. ఆ పిల్ల లాప్‌టాప్‌లో గెయిన్ పైకి జరిపింది. మీటర్ ఎర్రబడింది. మాకెవరికీ అది చూడాలని తెలియదు. అందరూ ఆడారు, నేనూ రెండడుగులు వేశాను.

మరుసటి రోజు విన్నాం. కాకో గొంతు చిరిగిన రేకులా గరగరలాడుతోంది. అసలు ఫైలు ఉందా అంటే, ఫోన్‌లో జాగా లేక మిక్స్ అవగానే తీసేసిందట. "దీపావళికి పోయినప్పుడు మళ్లీ పాడించుకుంటా మేడం" అంది. దీపావళి రాకముందే కాకో పోయింది.

ఆ ఎర్ర రంగు అంటే ఏమిటో బంధువులబ్బాయి చెప్పేదాకా నాకు అర్థం కాలేదు. లాప్‌టాప్‌లో శబ్దానికి ఒక పైకప్పు ఉంటుంది. దాన్ని సున్నా డెసిబెల్ అంటారు. అలల్లా లేచి పడే శబ్దం ఆ కప్పును తాకితే, పైభాగం కత్తితో కోసినట్టు పోతుంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు. ఆ కోసుకుపోయిన ముక్క ఎక్కడా దాచి ఉండదు, తర్వాత సౌండ్ తగ్గించినా తిరిగి రాదు. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో క్లిప్ ఫిక్స్ అనే పని ఉంది. అక్కడక్కడా తగిలిన చిన్న దెబ్బకు అది పనికొస్తుంది కానీ, పాటంతా తెగిపోతే ఏమీ చేయలేదు.

అందుకని రికార్డు చేసేటప్పుడు ఎంత గట్టిగా మోగినచోటైనా మీటర్ మైనస్ 6 దగ్గర ఆగేలా చూసుకోండి. అంత తక్కువ ఎందుకని అడుగుతారు. ఒక పాట మీద ఇంకో పాట కలిపినప్పుడు శబ్దాలు కూడుకుంటాయి. సమానమైన రెండు పాటలు కలిస్తే మామూలుగా మూడు డెసిబెల్స్, ఒక్కోసారి ఆరు దాకా పెరుగుతుంది. దానికి తోడు మనవాళ్లు బేస్ నాబ్ చివరికంటా తిప్పుతారు. ఆ పెరుగుదలకు ముందే జాగా ఉంచాలి. బిందె నెత్తికెత్తుకునేవాళ్లు అంచుదాకా నింపరు కదా.

మరి జనానికి వినబడాలంటే? బాక్సు దగ్గర ఉన్న నాబ్ తిప్పండి. బాక్సు ఎంత మోగినా లోపల రికార్డు అవుతున్న ఫైలు మారదు. గెయిన్ జరిపితే మాత్రం ఫైలు మారిపోతుంది. ఈ తేడా ఆ రోజు నాకు తెలిసి ఉంటే ఈ కథే ఉండేది కాదు. మిక్స్ అయ్యాక ఫైలు మెల్లగా ఉందనిపిస్తే, ఆడాసిటీలో నార్మలైజ్ చేసి ఒకేసారి పెంచుకోవచ్చు. యూట్యూబ్ కూడా మరీ గట్టిగా ఉన్న ఫైళ్లను తనే తగ్గించి వాయిస్తుంది. కాబట్టి పక్క ఊరి డీజే కంటే గట్టిగా ఉండాలనే పోటీ అక్కడ పనికిరాదు.

ఇక రికార్డు ఎక్కడి నుంచి తీసుకోవాలి? బాక్సు ముందు ఫోన్ పెట్టి మాత్రం కాదు. వర్చువల్ డీజేలో రికార్డు బటన్ ఉంది. అది లోపలి నుంచే తీసుకుంటుంది, ఫార్మాట్ వేవ్ అని పెట్టుకోండి. వేరే ప్లేయర్‌తో చేస్తుంటే విండోస్‌లో ఆడాసిటీ తెరిచి, వాసపి అనే ఎంపిక తీసుకొని, స్పీకర్ పేరు పక్కన లూప్‌బ్యాక్ అని ఉన్నదాన్ని పట్టుకోండి. అలా చేసినప్పుడు లాప్‌టాప్‌లో మోగే ప్రతిదీ అందులో పడుతుంది. వాట్సాప్ టింగ్‌మంటే అదీ మిక్స్‌లోనే. నెట్ ఆపేసి కూర్చోండి. 44,100 హెర్ట్జ్, 24 బిట్ చాలు. గంటకు సుమారు 950 మెగాబైట్లు అవుతుంది. ముందే జాగా చూసుకోండి.

విడిగా మిక్సర్ ఉన్నవాళ్లు రెక్ అవుట్ అని రాసి ఉన్న చోటు నుంచి వైరు తీయాలి. ఆ వైరును లాప్‌టాప్ హెడ్‌ఫోన్ రంధ్రంలో పెట్టకండి. అక్కడ లోపలికి వెళ్లేది మైకు దారి ఒక్కటే, అది సన్నటి గొంతు కోసం చేసింది. స్టీరియో పోతుంది, శబ్దం పగులుతుంది. యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ అనే చిన్న డబ్బా కావాలి. అందరూ కొనక్కర్లేదు, ఊరికొకటి ఉన్నా చాలు. గుంయ్ అని సన్నగా మోత వస్తుంటే చార్జర్ తీసి చూడండి, చాలాసార్లు అక్కడితో ఆగిపోతుంది. బ్యాటరీ మీద నడిపేటప్పుడు పవర్ సేవింగ్ మాత్రం ఆపేయాలి, లేకపోతే మధ్యలో టక్ టక్ అని తెగుతుంది.

పాటలు ఎక్కడి నుంచి తెచ్చుకుంటున్నారన్నది ఇంకో సంగతి. కుల ధ్రువీకరణ పత్రాన్ని జెరాక్స్ మీద జెరాక్స్ తీస్తే చివరికి తహసీల్దార్ ముద్ర నల్లటి మచ్చలా మిగులుతుంది. అడ్మిషన్ల రోజుల్లో రోజూ చూస్తుంటాను. వాట్సాప్‌లో చేతులు మారిన పాట కూడా అంతే. 128 కేబీపీఎస్ ఎంపీ3ని 320కి మార్చినంత మాత్రాన కొత్తగా ఏమీ రాదు, ఫైలు లావవుతుంది అంతే. ముందు దెబ్బతినేది సన్నని శబ్దాలు. గుస్సాడీ కాలి గజ్జెలు ఇసుక రాల్చినట్టు వినిపిస్తాయి. వాట్సాప్‌లో పంపక తప్పకపోతే డాక్యుమెంట్‌గా పంపండి, ఫైలు ఉన్నదున్నట్టు చేరుతుంది.

మార్లవాయి కనకరాజు గారు గుస్సాడీ నాట్యానికి 2021లో పద్మశ్రీ అందుకున్నారు. 2024 అక్టోబరులో మనల్ని విడిచి వెళ్లారు. నా ఫోన్‌లో ఉన్న గుస్సాడీ వీడియోలు ఆ వారం మళ్లీ తీసి చూశాను. నెమలి పింఛాల టోపీ స్పష్టంగా ఉంది, అడుగు స్పష్టంగా ఉంది. గుమేల మాత్రం పగిలిన డబ్బాలా ఉంది. తీసినవాళ్లందరూ డోలు పక్కనే నిలబడి తీశారు మరి.

అందుకే మిక్స్ కంటే ముందు, ఇంట్లో పెద్దవాళ్ల గొంతును సరిగ్గా పట్టుకోండి. ఫ్యాను ఆపి, రేకుల కింద కాకుండా బట్టలూ గోనె సంచులూ ఉన్న గదిలో కూర్చోబెట్టండి. ఫోన్‌ను నోటికి ఎదురుగా కాకుండా కొంచెం పక్కగా, మూరెడు దూరంలో పెట్టండి. అర నిమిషం తీసి, ఇయర్‌ఫోన్లతో విని, అప్పుడు అసలు పాట మొదలుపెట్టండి. మొదట్లో పాడేవారి పేరు, ఊరు, తేదీ చెప్పించండి. డీజేలో కలపొచ్చా అని వాళ్లనే అడగండి. దేవుడి పాటైతే వద్దంటారు, ఆ మాటకు ఎదురు చెప్పకండి. దండారిలో డీజే వద్దని ఊరి పెద్దలంటే కూడా అంతే. నా మట్టుకు నాకూ అక్కడ అది నచ్చదు.

ఆ అసలు ఫైలును మిక్స్‌తో కలపకుండా విడిగా, రెండు చోట్ల దాచండి. ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఒకటి లాప్‌టాప్‌లో. ఫోన్‌ను నమ్మొద్దు. పంచుకోవడానికి 320 ఎంపీ3 ఒకటి చేసుకోండి.

ఆ అమ్మాయి మిక్స్ ఇప్పటికీ మా దగ్గర ఉంది. మొన్న సెలవుల్లో ఇద్దరం కూర్చొని మళ్లీ విన్నాం. మొదటి నలభై సెకన్లు మీటర్ ఎక్కడా ఎర్రబడలేదు. బీటు లేదు, డోలు లేదు, కాకో ఒక్కతే పాడుతోంది. మధ్యలో ఒకచోట దగ్గుతుంది, ఎవరో కోడిని తోలుతున్నట్టు వినిపిస్తుంది. ఆ తర్వాత "ఇనబడ్తలేదు" అని హాల్లో పిల్లలు అరిచిన సమయం. అక్కడి నుంచి అంతా ఎరుపే. ఆ నలభై సెకన్లను కత్తిరించి వేవ్ ఫైలుగా దాచాం. ఊరి పేరు పెట్టాం, కాకో పేరు పెట్టాం. హాస్టల్ బీరువాలో ఒక పెన్‌డ్రైవ్, ఆ పిల్ల దగ్గర ఒకటి.