గెలిచి తొడుక్కునే కోటు



అమెరికాలోని అగస్టాలో జరిగే మాస్టర్స్ గోల్ఫ్ పోటీ విజేతకు 1949 నుంచి ఆకుపచ్చ కోటు తొడుగుతున్నారు. ఏడాదిపాటు ఇంట్లో ఉంచుకోవచ్చు. తర్వాత క్లబ్బుకు అప్పగించాలి. గెలుపు మాత్రం ఆయనదే.

మన అమలాపురం బిడ్డ సాత్విక్ సాయిరాజ్ 2022లో థామస్ కప్పు గెలిచిన భారత జట్టులో ఆడాడు. అలాంటి చొక్కా బజారులో కొనుక్కోవచ్చు. దేశం తరఫున తొడుక్కునే అర్హత ఆటతోనే రావాలి.

విరమణ రోజున నేనూ ఛార్జితోపాటు బీరువా తాళాలు అప్పగించి వచ్చాను. చేసిన సర్వీసును మాత్రం ఎవరూ వెనక్కి అడగలేదు. అందుచేత మనవలకు శాలువా చూపించి ఊరుకోకండి. అది ఏ పనికి దక్కిందో చెప్పండి.

సెలవు.