పికిల్‌బాల్‌లో ‘కిచెన్’ అంటే ఏంటి?

నేను మొదటిసారి పికిల్‌బాల్ డబుల్స్ ఆడినప్పుడు స్కోర్ అవతలివాళ్లకి 10, మాకు 8. గేమ్ 11కి, సర్వ్ వాళ్లది. నెట్ దగ్గరికి ఉరికి బంతిని గాల్లోనే కొట్టేశా. ‘కిచెన్!’ అన్నారు. పాయింటూ పోయింది, గేమూ పోయింది. ఇక్కడ వంటిల్లు ఎక్కడుందని అడిగితే నా పార్ట్‌నర్ తల పట్టుకున్నాడు.

కిచెన్ అంటే నెట్‌కి రెండు వైపులా 7 అడుగుల వరకు ఉండే జాగా. అందులో గానీ, దాని గీత మీద గానీ కాలుపెట్టి వాలీ కొట్టకూడదు. అంటే బంతి నేల తాకకముందే కొట్టకూడదన్నమాట. కొట్టిన ఊపులో లోపలికి అడుగు పడినా ఫాల్టే. బంతి నేలకి తగిలాక మాత్రం లోపలికెళ్లి కొట్టొచ్చు. అక్కడ్నుంచి అవతలి కిచెన్‌లో పడేలా మెల్లగా వేస్తే అది ‘డింక్’.

ప్యాడిల్ కొనేముందు ఈ మూడు మాటలు గుర్తుపెట్టుకోండి. పార్ట్‌నర్ మీతో మళ్లీ ఆడతాడు.